ఉద్యోగ నియామకములు – అపవాద ధర్మము

తెలుగువారి వాడుకలో అపవాదు అనగా నింద. వ్యాకరణమునందును ధర్మవిచారమునందును అపవాదమనగా నింద కాదు. సామాన్య విధికి కలుగు మినహాయింపు. ఆ సామాన్య విధిని ఉత్సర్గమందురు. జైన మునిధర్మమునకు ఈ రెండు మాటలును మిక్కిలి పరిచితములు. వర్షాకాలమున నాలుగు మాసములు ముని ఒక్క తావుననే నిలువవలెననుట ఉత్సర్గము. ఆ తావును వరద ముంచినను, క్షామము వచ్చి భిక్ష దొరకకపోయినను విడిచి పోవచ్చుననుట అపవాదము. నిలిచియుండుట దేని కొరకు? వానకు మొలచిన పచ్చికను, పుట్టిన క్రిమికీటకములను త్రొక్కకుండుటకు. విడిచి పోవుట దేని కొరకు? సంయమమునకు ఆధారమైన దేహమును నిలుపుకొనుటకు. రెండును ఒకే వ్రతమును కాపాడుచున్నవి.

అనంతపురము జిల్లాలోని కొనకొండ్లతో సంప్రదాయము ముడిపెట్టు కుందకుందాచార్యుడు ప్రవచనసారమును రచించెను. దానికి వ్యాఖ్య చేసిన అమృతచంద్రసూరి, ఉత్సర్గమునకును అపవాదమునకును మైత్రి ఉండవలెనని బోధించెను. ఉత్సర్గమునే పట్టుకొని కూర్చున్నవాడు కఠినుడగును. అపవాదమునే పట్టుకొన్నవాడు శిథిలుడగును. మినహాయింపు నియమమును బ్రతికించుటకే గాని చంపుటకు కాదు.

మునుల ఆచారమునకు చెప్పిన ఈ మాట గృహస్థుల వ్యవహారమునకును వర్తించును. అందులోను ఉద్యోగమిచ్చు విషయమున దీనికి గట్టి పరీక్ష కలదు. ఒకరికి పని యిచ్చుట వారి యింట పొయ్యి వెలిగించుట. అర్హత ఉన్నవానిని పుట్టుక చూచి త్రిప్పిపంపుట ఆ పొయ్యిని వెలుగనీయకుండుట. అందుచేతనే 1950 జనవరి 26న అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము, 16వ అధికరణమున, ప్రభుత్వోద్యోగములలో పౌరులందరికి సమానావకాశము ఉండవలెనని విధించినది. మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అను ఏడింటిలో దేనిని మాత్రమే కారణముగా చూపి ఎవరిని గాని అనర్హులనరాదని చెప్పినది. ఇది ఉత్సర్గము. ఆ అధికరణముననే మినహాయింపులును కలవు. నివాసమును అర్హతగా నిర్ణయించు అధికారము పార్లమెంటునకు మాత్రము ఉన్నది. ప్రభుత్వోద్యోగములలో తగినంతమంది లేని వెనుకబడిన తరగతులకు కొన్ని స్థానములు ప్రత్యేకింపవచ్చును. మతసంస్థలకు సంబంధించిన పదవులలో ఆ మతస్థులే ఉండవలెనను చట్టములకు అడ్డు లేదు. 2019లో ఆర్థికముగా బలహీనులైన వారికి ప్రత్యేకింపు కూడ చేరినది.

నియమము ఒక్కటి, మినహాయింపులు పలు. మరి ఏ మినహాయింపు ధర్మము, ఏది అధర్మమునకు ముసుగు? దీనికి ఒక కొలత కలదు. చేయవలసిన పనిలోనుండి పుట్టిన మినహాయింపు ధర్మము. పనియిచ్చువాని ఇష్టములోనుండియు, అలవాటులోనుండియు, భయములోనుండియు పుట్టినది ధర్మము కాదు. ఈ కొలతను ఒక్కొక్క మినహాయింపునకు వేసి చూడవలెను.

మొదట నివాసము. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల వారికి ఇది పుస్తకములలోని మాట కాదు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర–మద్రాసు రాష్ట్రముల సరిహద్దులు మారినవి. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమున చేరినది. బదులుగా చెంగల్పట్టు జిల్లాలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. రాత్రి ఒక రాష్ట్రమున నిదురించిన రైతు తెల్లవారునప్పటికి మరియొక రాష్ట్రమున లేచినాడు. అతడు కదలలేదు, అతని చదువు మారలేదు, అతని చేతిపని మారలేదు. గీత మాత్రము కదలినది. ఉద్యోగమునకు గీతకు ఏ వైపున ఉన్నాడన్నదే ప్రమాణమైనచో, ఆ రైతు కుమారుని యోగ్యత ఒక్క రాత్రిలో మారిపోయినదని ఒప్పుకొనవలసి వచ్చును.

అయినను నివాసపు మినహాయింపునకు న్యాయమైన పక్షము లేకపోలేదు. తెలంగాణ ప్రజలు తమ ప్రాంతపు ఉద్యోగములు తమకు దక్కవలెనని కోరినప్పుడు, చదువుకొనుటకు అవకాశము ఆలస్యముగా దొరికిన ప్రజల వేదన ఆ కోరికలో ఉన్నది. 1957లో పార్లమెంటు ఆ కోరికకు అనుగుణముగా చట్టము చేసినది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు, నివాస నియమము రాష్ట్రమంతటికిని చెల్లును గాని రాష్ట్రములోని ఒక భాగమునకు చెల్లదని, తెలంగాణకు సంబంధించినంతవరకు ఆ ఏర్పాటును కొట్టివేసినది. ఆ సంవత్సరమే తెలంగాణమున పెద్ద ఉద్యమము నడచినది. తుదకు 1973లో 371-డి అధికరణమును చేర్చి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వుద్వారా స్థానిక అభ్యర్థుల ఏర్పాటు చేయవలసి వచ్చినది. వెనుకబాటు అను గాయమునకు మందుగా వచ్చినప్పుడు నివాసపు మినహాయింపునకు అర్థమున్నది. పరాయివాడను కోపముతో వచ్చినప్పుడు, ఆ గీత రేపు ఎవరి ఇంటి మధ్యనుండి పోవునో ఎవరికిని తెలియదు.

రెండవది వెనుకబడిన తరగతుల ప్రత్యేకింపు. ఇందును మద్రాసు రాష్ట్రమే మొదటి పాఠశాల. ఆనాటి కమ్యూనల్ జీ.ఓ. ప్రకారము 83 జిల్లా మునసబు పదవులను హరిజనులకు 19, ముస్లిములకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతర హిందువులకు 32, బ్రాహ్మణులకు 11 చొప్పున పంచిరి. ఒక అభ్యర్థి సుప్రీంకోర్టునకు పోగా, 1951 ఏప్రిల్ 9న తీర్పు వచ్చినది. హరిజనులకును వెనుకబడిన హిందువులకును చేసిన ప్రత్యేకింపు రాజ్యాంగ సమ్మతము. తక్కిన పంపకము కులమతములను బట్టి చేసినది గనుక చెల్లదు అని న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఒకే పట్టికలో రెండు వేరువేరు వస్తువులున్నవని ఆ తీర్పు చూపినది. ఒకటి మూసియున్న తలుపును తెరచుట. రెండవది తెరచియున్న గదిని పంచుకొని ఎవరి మూలలో వారు కూర్చుండుట.

పన్నెండు సంవత్సరముల పిమ్మట, 1963లో, ఈ విషయము మరల సుప్రీంకోర్టు ముందునకు వచ్చినది. ప్రత్యేకింపు సమానత్వమునకు మినహాయింపు మాత్రమేనని అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు తలచిరి. రాజమహేంద్రవరమున జన్మించిన తెలుగు బిడ్డ, న్యాయమూర్తి కోకా సుబ్బారావు వారితో ఏకీభవింపలేదు. ఆ ఉపవాక్యము సమానత్వమునకు మినహాయింపు కాదని, దాని అధికారము ఆ అధికరణముననే పూర్తిగా నిలిచియున్నదని ఆయన భిన్నాభిప్రాయము వ్రాసెను. ఆనాడది ఒంటరి గొంతు. 1975లో కేరళ కేసునందు సుప్రీంకోర్టు అధిక సంఖ్యాకులు ఆ త్రోవకే వచ్చిరి. 1992లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని స్థిరపరచినది; సాధారణముగా ప్రత్యేకింపులు నూటికి 50కి మించరాదను హద్దును కూడ పెట్టినది. ఉత్సర్గాపవాదముల మైత్రికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. పైకి మినహాయింపుగా కనబడునది నిజమునకు నియమము యొక్క ఇంకొక చేయి.

మూడవది మతము. ఇది జైన సమాజమునకు మిక్కిలి దగ్గరి విషయము. ఇతరుల తప్పులు ఎన్నుట సులభము గనుక ఇచ్చట మరింత జాగ్రత్త అవసరము. 2014 జనవరి 27న కేంద్ర ప్రభుత్వము జైనులను అల్పసంఖ్యాక వర్గముగా ప్రకటించినది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు రాజ్యాంగము 30వ అధికరణమున కలదు. సిబ్బందిని ఎన్నుకొనుట ఆ హక్కులోని భాగమని, అర్హతలను మాత్రము ప్రభుత్వము నిర్ణయింపవచ్చునని 2002లో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పినది. పైగా 16వ అధికరణము ప్రభుత్వమును బంధించునదే గాని ప్రైవేటు ధర్మసంస్థను బంధించునది కాదు. అస్పృశ్యత కారణముగా పని నిరాకరించుట మాత్రము ఎవరు చేసినను నేరమే. అనగా జైన సంస్థల చేతిలో చట్టమిచ్చిన స్వేచ్ఛ చాలనే కలదు. చట్టము విడిచిన చోటనే ధర్మము పని మొదలగును.

తిరువళ్ళూరు జిల్లాలోని వెంగల్ వంటి గ్రామమును ఊహింపుడు. దానికి ఎంతో దూరము లేని పుళల్‌లో ప్రాచీనమైన ఆదినాథ జినాలయము కలదు. తెలుగు, తమిళము రెండును వినవచ్చు ప్రాంతము. అచ్చట ఒక జైన ధర్మసంస్థ చిన్న జినాలయమును, దానిని ఆనుకొని పాఠశాలను, భోజనశాలను నెలకొల్పినదనుకొందురుగాక. ఐదుగురు కావలెను: అర్చకుడు, వంటమనిషి, గణితోపాధ్యాయుడు, లెక్కలు వ్రాయు గుమాస్తా, రాత్రి కాపలాదారు. ఐదింటికిని జైనులే దరఖాస్తు పెట్టుకొనవలెనని ప్రకటింపవచ్చునా?

అర్చకుని మాట తేలికయని తోచును. కాని జైనాలయముల ఆచారమే ఇచ్చట ఆలోచింపజేయును. తమిళ జైనుల దేవాలయములలో ఉపాధ్యాయ కుటుంబముల వారు అర్చన చేయుదురు, వారు జైనులే. శ్వేతాంబర మందిరములు పెక్కింటిలో జీతమునకు కుదిరిన పూజారి జైనుడు కాకపోవుటయు కలదు. అతడు బింబమునకు అభిషేకము చేయును, గర్భగృహమును శుభ్రపరచును, భావపూజ శ్రావకులది. ఏ సంప్రదాయమున అర్చకుని విశ్వాసమే అర్చనకు ప్రాణమో అచ్చట ఆ షరతు న్యాయము. ఏ సంప్రదాయమున కాదో అచ్చట ఆ షరతు పెట్టుట పూర్వులు తెరచియుంచిన తలుపును మూయుట.

వంటమనిషికి ఏమి కావలెను? కందమూలములు వంటింటికి రానీయరాదు. నీరు వడగట్టవలెను. సూర్యాస్తమయమునకు ముందే వంటయు వడ్డనయు ముగియవలెను. ఇవి పనిలోని నియమములు. వీనిని ఒప్పుకొని పాటింపగలవాడెవడైనను యోగ్యుడే. ఇచ్చట కావలసినది నియమము, వంశము కాదు. అతడు తన యింట ఏమి భుజించునో అడుగుట పని హద్దును దాటి అతని కంచములోనికి తొంగిచూచుట. గణితోపాధ్యాయుడు త్రిభుజములోని కోణముల మొత్తమును చెప్పునప్పుడు అందులో జైనగణితము, అజైనగణితము లేవు. గుమాస్తాకు నిజాయితీ, కాపలాదారునకు మెలకువ కావలెను. ఇవి ఏ మతమువారి సొత్తును కాదు.

ఈ చిక్కు ఒక్క జైనులది కాదు. మద్రాసు నగరములోని కొళత్తూరునందు కపాలీశ్వర దేవాలయము తరఫున 2021లో ప్రారంభమైన కళాశాలలో ఉద్యోగములకు హిందువులే అర్హులని ప్రకటన వెలువడినది. ఆ కళాశాల మతసంస్థయేనని, షరతు చెల్లునని 2024లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టము ఉద్యోగములలో వివక్షను నిషేధించుచు, మతసంస్థలకు మినహాయింపునిచ్చినది. సాల్ట్‌లేక్ నగరమున మార్మన్ చర్చి నడుపు వ్యాయామశాలలో ఏండ్ల తరబడి పనిచేసిన ఒక ఉద్యోగిని, చర్చి కోరిన యోగ్యతాపత్రము తేలేదని తొలగించిరి. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించినది. 2018లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానము వేరు మార్గము త్రొక్కినది. ఆ పనికి మతము నిజముగా అవసరమా, న్యాయమా అన్నది సంస్థ ఒక్కటియే తేల్చరాదు, న్యాయస్థానము కూడ పరిశీలింపవలెనని చెప్పినది. చట్టములు దేశమునకొక తీరుగా ఉన్నవి. కాని వ్యాయామశాలను కాచుటకు విశ్వాసపత్రము ఏల కావలెనను ప్రశ్న ఏ తీర్పుతోను మాయమగునది కాదు.

నాల్గవది లింగభేదము. ఇచ్చట మినహాయింపు తరచుగా దయ అను వేషమున వచ్చును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, రాత్రి 7 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు స్త్రీలను కర్మాగారములలో పనిచేయింపరాదన్నది. ఉద్దేశము రక్షణయే. ఫలితమేమి? రాత్రిపని కల కర్మాగారము స్త్రీని పగటిపనికి కూడ తీసికొనుటకు వెనుదీసినది. 2000 సంవత్సరమున మద్రాసు హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసి, వాహన సౌకర్యము, భద్రత మొదలగు ఏర్పాట్లు చేయవలెనన్నది. రాత్రి భయము స్త్రీది. దానిని తొలగించు బాధ్యత యజమానిది. కాని శిక్ష స్త్రీకి పడుచుండెను. ఆంధ్రప్రదేశమున ఇందుకు భిన్నముగా, సర్వీసు నిబంధనలలో స్త్రీలకు నూటికి 30 స్థానముల ప్రాధాన్యము కల్పింపగా 1995లో సుప్రీంకోర్టు సమర్థించినది. ఒక మినహాయింపు బయటికి నెట్టినది. మరియొకటి లోనికి పిలిచినది.

కొనువారి ఇష్టమును సాకుగా చూపుటయు కలదు. విమానములలో ప్రయాణికులు స్త్రీల పరిచర్యనే కోరుదురని చెప్పి పాన్ అమెరికన్ కంపెనీ పురుషులను ఆ పనికి తీసికొనకుండెను. 1971లో అమెరికా అప్పీలు న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చినది. సురక్షితముగా చేర్చుట విమాన కంపెనీ పనికి ప్రాణము. ప్రయాణికుల ముచ్చట ప్రాణము కాదన్నది. బిడ్డల తల్లిదండ్రులు ఒప్పుకొనరు, దాతలు నొచ్చుకొందురు అను మాటలు ధర్మసంస్థల సమావేశములలో వినబడునప్పుడు ఈ తీర్పు జ్ఞాపకము రాదగినది. ఆ అమెరికా చట్టముననే మరియొక విశేషము కలదు. పనికి నిజముగా అవసరమైనచో మతము, లింగము, జన్మదేశము చూడవచ్చునని చెప్పిన ఆ చట్టము, ఆ మినహాయింపులో జాతిని గాని రంగును గాని చేర్చలేదు. కొన్ని భేదములకు సాకు కూడ ఉండరాదని దాని భావము.

ఇంతవరకు వచ్చిన పాఠకుడు ఒక బలమైన ఆక్షేపణ చేయవచ్చును. సాధర్మిక వాత్సల్యము జైనునకు విధింపబడిన గుణము కదా? సమాజములోని పేద కుటుంబముల యువకులు ఉద్యోగములు లేక తిరుగుచుండగా, సమాజపు ద్రవ్యముతో నడుచు సంస్థ వారిని ముందుగా చూడవద్దా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. పేదవాడు తనవారి గుమ్మముననే మొదట నిలుచును. కాని వాత్సల్యము దానమునకు ధర్మము. నియామకము దానము కాదు. దానమిచ్చువాడు తన సొమ్మునిచ్చును. తక్కువ అర్హుడైన ఉపాధ్యాయుని నియమించువాడు బిడ్డల చదువును ఇచ్చివేయును. అది తనది కాదు. వాత్సల్యము చూపదలచినచో ఆ యువకునకు విద్యార్థి వేతనమీయవచ్చును, శిక్షణ యిప్పింపవచ్చును, పరీక్షకు సిద్ధపరుపవచ్చును. అర్హతలో ఇద్దరు సమానులైనచో తనవానిని ఎన్నుకొనుటలో వాత్సల్యమునకు చోటుండవచ్చును. అర్హుని త్రోసివేయుటలో మాత్రము దానికి చోటు లేదు.

తక్కెడను త్రిప్పి పట్టినను ఈ విషయము తేటపడును. ఒక జైన యువతి మాంసము తాకనని చెప్పినచో మాంసాహార భోజనశాల ఆమెను వంటపనికి తీసికొనకపోవచ్చును. అడ్డు పనిలోనే ఉన్నది. ఆ భోజనశాలయే ఆమెను లెక్కలు వ్రాయు పనికి కూడ వలదన్నచో సమాజమంతయు అన్యాయమని మొరపెట్టును. ఆ మొర న్యాయమైనచో, వెంగల్ పాఠశాల గుమ్మమునుండి తిరిగిపోయిన గణితోపాధ్యాయుని మొరయు న్యాయమే.

అనేకాంతము ఈ చిక్కును విప్పుటకు మార్గము చూపుచున్నది. వస్తువును ఒక దృష్టితో చూచి, తక్కిన దృష్టులను కాదనక చెప్పు మాట నయము. తన దృష్టి ఒక్కటే సత్యమని తక్కినవానిని త్రోసివేయు మాట దుర్నయము. “ఈ పనికి, ఈ కారణముచేత, ఇంతవరకు, జైనుడే కావలెను” అనుట నయము. “ఇచ్చట జైనులకే పని” అనుట దుర్నయము. మొదటి దానిలో స్యాత్ అను ముద్ర ఉన్నది; రెండవ దానిలో అది చెరిగిపోయినది.

కనుక మినహాయింపును కోరు ప్రతి సంస్థయు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలెను. ఈ షరతు పనిలోనుండి పుట్టినదా? పుట్టుకకు బదులు నడవడిని గూర్చిన నియమము చాలదా? ఇది తలుపు తెరచుచున్నదా, మూయుచున్నదా? ఇతరులు ఇదే షరతును తమపై పెట్టినచో ఒప్పుకొందురా? జవాబు చెప్పవలసిన భారము మినహాయింపు కోరువానిదే గాని పని కోరి వచ్చినవానిది కాదు. కొన్ని క్రొత్త చట్టములు ఈ త్రోవనే పట్టినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, న్యాయమైన లక్ష్యమునకు తగుపాటి సాధనమని చూపగలిగిననే తప్ప వైకల్యము కారణముగా భేదము చూపరాదన్నది. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము, ఆ వ్యాధి ఉన్నవానిని పనినుండి తొలగింపదలచినచో స్వతంత్రుడైన వైద్యనిపుణుని లిఖిత నిర్ణయమును, యజమాని కారణములను వ్రాతపూర్వకముగా అతని చేతికీయవలెనన్నది.

వ్రాతపూర్వకముగా అను మాట చిన్నది కాదు. అపవాద మార్గమున నడచిన ముని గురువు సన్నిధికి పోయి ఆలోచన చేయును. చేసినదానిని దాచక విన్నవించుకొనును, ప్రాయశ్చిత్తము స్వీకరించును. ధర్మసంస్థయు మతపు షరతు పెట్టిన ప్రతి ఉద్యోగమునకు కారణమును తన తీర్మానముల పుస్తకమున వ్రాసి, సంవత్సరమునకొకసారి సభ్యులందరి యెదుట చదివినచో, సగము షరతులు వ్రాయుటకు ముందే రాలిపోవును. వెలుగులో చదువలేని కారణము కారణము కాదు.

ఉత్తరాధ్యయన సూత్రమున హరికేశబలుని కథ కలదు. చండాల కులమున పుట్టి మునియైన ఆయన భిక్షకొరకు యజ్ఞశాలకు పోగా, అచ్చటివారు రూపమును కులమును చూచి తరిమివేసిరి. పిమ్మట ఆయన తపస్సు తెలిసి తలవంచిరి. ఆ కథను పర్యూషణ దినములలో విని కన్నీరు పెట్టుకొను శ్రావకులు ఎందరో కలరు. మరునాడు సంస్థ కార్యాలయమున దరఖాస్తులు విప్పునప్పుడు, మొదట చూచునది అభ్యర్థి యోగ్యతాపత్రమునా, లేక పేరు చివర ఉన్న ఇంటిపేరునా అన్నదే ఆ కన్నీటికి పరీక్ష.